బార్బ్-నికోల్ క్లికో

బార్బ్-నికోల్ క్లికో (1777 డిసెంబరు 16 - 1866 జూలై 29) ఫ్రాన్సు దేశపు ఈశాన్య భాగంలోని షాంపేన్ ప్రాంతానికి చెందిన వైన్ తయారీదారు, వ్యాపారవేత్త. ఈమె పుట్టింటి పేరు పోన్సార్దాన్. 27 ఏళ్ళ వయసులో భర్తను కోల్పోయి, అత్తింటివారి చిన్నపాటి వైన్ వ్యాపారాన్ని స్వయంగా చేపట్టి, దానిని ఐరోపా ఖండంలోని పేరెన్నికగన్న షాంపేన్ సంస్థలలో ఒకటిగా తీర్చిదిద్దింది. ఫ్రెంచి భాషలో వవ్ అనగా వితంతువు. ఆ మాటను తన సంస్థ పేరులోనే చేర్చుకొనడం వలన ఈమె లోకానికి వవ్ క్లికోగా పరిచయమైంది. సీసాలో పేరుకొనే మడ్డిని, వైన్‌లోని బుడగలు పోకుండా తొలగించే పద్ధతి 1816లో ఈమె నేలమాళిగలలోనే రూపుదిద్దుకొంది. పులుపెక్కువ, తీపి తక్కువ అయిన చలి ప్రాంతపు ద్రాక్ష నుండి తేటగా మెరిసే వైన్‌ను పెద్ద ఎత్తున తయారుచేయడం ఆ తరువాతనే సాధ్యపడింది.

షాంపేన్ ప్రాంతం - నేల, వాతావరణం

షాంపేన్ ప్రాంతం పారిస్ నగరానికి తూర్పున, సుమారు 49 డిగ్రీల ఉత్తర అక్షాంశం వద్ద ఉంది. రీమ్స్, ఎపర్నే ఇక్కడి ముఖ్య పట్టణాలు. ఫ్రాన్సులో వైన్ కొరకు ద్రాక్ష పండించే ప్రాంతాలలో ఇది ఉత్తరపు అంచున ఉంది. ఏడాది సగటు ఉష్ణోగ్రత 11 డిగ్రీల సెల్సియస్‌కు దరిదాపుగా ఉంటుంది. వసంత ఋతువులో కురిసే మంచుకు లేత చిగుళ్ళు మాడిపోవడం, వేసవి చల్లగా గడిచిన ఏడు కాయ సరిగా పండకపోవడం ఇక్కడి రైతులకు తరతరాలుగా తెలిసిన కష్టాలు. పంట చక్కగా చేతికందిన ఏడు కూడా ఇక్కడి పండులో చక్కెర తక్కువగాను, పులుపు ఎక్కువగాను ఉంటుంది.

ఈ లోపానికి తోడుగా ప్రకృతి ఒక మేలును కూడా ఇచ్చింది. ఇక్కడి నేల అడుగున మందమైన సుద్ద పొరలు ఉన్నాయి. సుద్ద వాననీటిని పీల్చి నిలువ ఉంచుకొని, ఎండలు ముదిరినపుడు తీగల వేళ్ళకు అందిస్తుంది. ఆ సుద్దలో తొలిచిన నేలమాళిగలు ఏడాది పొడుగునా దాదాపు ఒకే చల్లదనంతో ఉంటాయి గనుక వైన్ నిలువ చేయడానికి ఎంతో అనువైనవి.

వైన్‌లో బుడగలు పుట్టడానికి మూలం కూడా ఇక్కడి చలియే. ఆకురాలు కాలంలో పిండిన ద్రాక్షరసం పీపాలలో పులియడం మొదలవుతుంది. చలికాలం రాగానే పులియజేసే ఈస్ట్ కణాలు మందగించి ఆ ప్రక్రియ మధ్యలో ఆగిపోతుంది. వసంతంలో వెచ్చదనం తగలగానే మళ్ళీ మొదలవుతుంది. ఆ సరికి వైన్‌ను సీసాలో పోసి బిరడా బిగించి ఉంటే, కొత్తగా పుట్టిన బొగ్గుపులుసు వాయువు బయటికి పోయే దారి లేక వైన్‌లోనే కరిగి ఉంటుంది. బిరడా తీసినపుడు అదే బుడగలై పైకి పొంగుతుంది. మొదట్లో దీనిని దోషంగానే భావించేవారు. ఓవిల్యే మఠానికి చెందిన డామ్ పెరిన్యోన్ (1638-1715) బుడగల వైన్‌ను కనిపెట్టాడని ప్రచారంలో ఉన్నప్పటికీ, ఆయన శ్రమించినది బుడగలు రాకుండా చూడడానికేనని చరిత్రకారులు భావిస్తున్నారు.

18వ శతాబ్దంలో రాజాస్థానాలలో బుడగల వైన్‌పై మోజు పెరిగింది. షాంపేన్ వైన్‌ను సీసాలలో నింపి రవాణా చేయడానికి 1728లో రాజాజ్ఞ అనుమతి ఇచ్చింది. అంతకు ముందు వైన్‌ను పీపాలలోనే పంపవలసి వచ్చేది. అయితే సీసాల గాజు బలహీనంగా ఉండేది, లోపలి వాయువు ఒత్తిడిని ముందుగా లెక్కకట్టే విధానం లేదు. అందువలన నేలమాళిగలలోనే ఎన్నో సీసాలు పగిలిపోయేవి. క్లికో వ్యాపారంలో అడుగుపెట్టే నాటికి షాంపేన్ తయారీ నష్టభయంతో కూడిన పని.

బాల్యం, కుటుంబం

బార్బ్-నికోల్ 1777 డిసెంబరు 16న రీమ్స్ నగరంలో జన్మించింది. తండ్రి నికోలా పోన్సార్దాన్ ధనికుడైన వస్త్ర వ్యాపారి. ఈమెకు ఒక తమ్ముడు, ఒక చెల్లెలు ఉండేవారు. 1789లో ఫ్రెంచి విప్లవం ఆరంభమయ్యేనాటికి ఈమె వయసు 11 ఏళ్ళు. అల్లరి మూకలు వీధులలోకి వచ్చినపుడు కుటుంబానికి తెలిసిన ఒక దర్జీ స్త్రీ ఈమెకు పేదపిల్ల దుస్తులు తొడిగి క్రైస్తవ మఠపు బడి నుండి సురక్షితంగా తప్పించిందని ఒక కథ వాడుకలో ఉంది.

ఈమె తండ్రి కాలానుగుణంగా నడచుకొన్న వ్యక్తి. రాజరికంలో ఉన్నతవర్గంలో చేరాలని ఆశించిన ఆయన, విప్లవకాలంలో విప్లవవాదుల పక్షం వహించి కుటుంబాన్ని, ఆస్తిని కాపాడుకొన్నాడు. తరువాత నెపోలియన్ పాలనలో రీమ్స్ నగర మేయరుగా పనిచేసి, బారన్ బిరుదు పొందాడు.

వివాహం, వైధవ్యం

1798 జూన్‌లో బార్బ్-నికోల్‌కు ఫ్రాన్స్వా క్లికోతో వివాహం జరిగింది. వరుని తండ్రి ఫిలిప్ క్లికో కూడా రీమ్స్‌లో వస్త్ర వ్యాపారి. ఆయన 1772లో వస్త్ర వ్యాపారానికి అనుబంధంగా వైన్ వ్యాపారం మొదలుపెట్టాడు. విప్లవ ప్రభుత్వం మతపరమైన వేడుకలను అణచివేస్తున్న ఆ రోజులలో వీరి పెళ్ళి ఒక నేలమాళిగలో రహస్యంగా జరిగిందని చెబుతారు. 1799లో వీరికి క్లెమెంతీన్ అనే కుమార్తె కలిగింది. వీరికి ఆమె ఒక్కతే సంతానం.

ఫ్రాన్స్వాకు వస్త్రాలకంటె వైన్‌పై మక్కువ ఎక్కువ. ఆయన వ్యాపారాన్ని విస్తరించడానికి జర్మనీ, స్విట్జర్లాండు దేశాలలో పర్యటించాడు. లూయీ బోన్ అనే సమర్థుడైన విక్రయ ప్రతినిధిని నియమించుకొన్నాడు. జర్మనీ ప్రాంతానికి చెందిన బోన్ తరువాతి కాలంలో క్లికో సంస్థ అభివృద్ధికి ఎంతో తోడ్పడ్డాడు. భార్యాభర్తలిద్దరూ తోటలు, పిండే మరలు చూస్తూ తయారీలోని మెళకువలను కలిసి నేర్చుకొన్నారు.

1805 అక్టోబరులో ఫ్రాన్స్వా తీవ్రమైన జ్వరంతో మరణించాడు. అది టైఫాయిడ్ జ్వరమని చెప్పారు. వ్యాపారం దెబ్బతినడం వలన ఆత్మహత్య చేసుకొన్నాడనే వదంతి కూడా ఊరిలో పుట్టింది. అప్పటికి బార్బ్-నికోల్‌కు 27 ఏళ్ళు, కుమార్తెకు ఆరేళ్ళు. కొడుకు మరణంతో క్రుంగిపోయిన ఫిలిప్ క్లికో వైన్ వ్యాపారాన్ని మూసివేయాలని నిశ్చయించాడు.

వితంతువుకు చట్టమిచ్చిన స్థానం

కోడలు ఆ నిర్ణయానికి అంగీకరించలేదు. సంస్థను తానే నడుపుతానని, తనకు రావలసిన ఆస్తిని అందులో పెట్టుబడిగా పెడతానని మామగారిని కోరింది. ఆ కాలపు చట్టాన్ని బట్టి చూస్తే ఈ కోరిక విలువ తెలుస్తుంది. 1804లో అమలులోకి వచ్చిన నెపోలియన్ పౌరస్మృతి ప్రకారం భార్య భర్తకు విధేయురాలై ఉండాలి. భర్త అనుమతి లేకుండా ఆమె ఒప్పందం చేసుకొనరాదు, ఆస్తి అమ్మరాదు, కోర్టుకు వెళ్ళరాదు. పెళ్ళికాని అమ్మాయి తండ్రి చాటున ఉండేది. వితంతువుకు మాత్రం తన ఆస్తిని తానే నిర్వహించుకొనే హక్కు, తన పేరిట ఒప్పందం చేసుకొనే హక్కు ఉండేవి.

ధనిక కుటుంబపు స్త్రీకి ఆ హక్కు ఉన్నా, దానిని వినియోగించి వ్యాపారంలోకి దిగడం అరుదు. తగిన సంబంధం చూసి మళ్ళీ పెళ్ళి చేసుకొనడమే మర్యాదగా భావించేవారు. మళ్ళీ పెళ్ళి చేసుకొంటే ఆమె హక్కులు తిరిగి భర్త అధీనంలోకి పోతాయి. బార్బ్-నికోల్ జీవితాంతం పునర్వివాహం చేసుకొనలేదు. సంస్థ పేరులో వవ్ అనే మాటను నిలుపుకొనడం శోకాన్ని తెలపడానికి మాత్రమే కాదు. ఈ సంస్థకు యజమాని తానేనని, సంతకం తనదేనని చెప్పే వ్యాపార చిహ్నంగా కూడా అది పనిచేసింది.

తొలి సంవత్సరాల కష్టాలు

ఫిలిప్ క్లికో కోడలి కోరికను ఒక షరతుపై మన్నించాడు. అనుభవజ్ఞుడైన వైన్ వ్యాపారి అలెగ్జాండర్ ఫూర్నోతో కలిసి ఆమె పని నేర్చుకొనవలసి ఉంటుంది. ఆ విధంగా 1806లో వవ్ క్లికో-ఫూర్నో పేరిట భాగస్వామ్య సంస్థ ఏర్పడింది. తోట పనులు, రకరకాల వైన్‌లను కలిపే పాళ్ళు, లెక్కలు, ఉత్తరప్రత్యుత్తరాలు అన్నిటినీ ఆమె దగ్గరుండి నేర్చుకొంది.

కాలం మాత్రం అనుకూలించలేదు. నెపోలియన్ యుద్ధాల వలన రేవులు మూతపడ్డాయి. బ్రిటిషు నౌకాదళం సముద్రమార్గాలను అడ్డగించింది. 1806లో నెపోలియన్ బ్రిటన్‌పై విధించిన ఖండాంతర దిగ్బంధంతో వర్తకం మరింత చిక్కులలో పడింది. క్లికో సంస్థ పంపిన పెద్ద సరుకు ఒకటి ఆంస్టర్‌డాం రేవులో చిక్కుబడి పాడైపోయింది. లూయీ బోన్ రష్యా దాకా వెళ్ళి కొనుగోలుదారులను వెదకినా అమ్మకాలు అంతంతమాత్రంగానే సాగాయి.

1810లో నాలుగేళ్ళ భాగస్వామ్యపు గడువు ముగిసింది. ఫూర్నో తప్పుకొన్నాడు. బార్బ్-నికోల్ ఏకైక అధిపతిగా సంస్థ పేరును వవ్ క్లికో-పోన్సార్దాన్‌గా మార్చింది. అత్తింటి పేరుతో పాటు పుట్టింటి పేరు కూడా అందులో చేరింది. ఒకే సంవత్సరపు పంటతో, ఆ సంవత్సరం పేరిట షాంపేన్ తయారుచేయడం ఈ ప్రాంతంలో 1810లో తన నేలమాళిగలలోనే మొదలైనదని క్లికో సంస్థ చెప్పుకొంటుంది.

తోకచుక్క ఏటి పంట, రష్యా ప్రయాణం

1811లో ఒక గొప్ప తోకచుక్క ఎన్నో నెలలపాటు ఆకాశంలో కంటికి కనిపించింది. ఆ ఏడు షాంపేన్ తోటలు విరగకాచాయి, పంట నాణ్యత కూడా అసాధారణంగా ఉంది. రైతులు దీనిని తోకచుక్క మహిమగా భావించారు. క్లికో సంస్థ తన బిరడాలపై అంతకు ముందు నుండి ఉన్న లంగరు గుర్తుకు తోడుగా తోకచుక్క గుర్తును చేర్చింది. ఆ రోజులలో సీసాలకు కాగితపు చీటీలు అంటించే అలవాటు లేనందున బిరడాపై కాల్చి వేసిన ముద్రయే సరుకు ఎవరిదో తెలిపేది.

పంట బాగున్నా అమ్ముకొనే దారి లేకపోయింది. 1812లో నెపోలియన్ రష్యాపై దండెత్తాడు. ఫ్రెంచి వైన్ సీసాలు రష్యాలోకి రాకుండా జార్ ప్రభుత్వం నిషేధించింది. 1814 తొలి నెలలలో రష్యా, ప్రష్యా సైన్యాలు ఫ్రాన్సులో ప్రవేశించి రీమ్స్ నగరాన్ని ఆక్రమించుకొన్నాయి. సైనికులు, అధికారులు అక్కడి నేలమాళిగలలోని వైన్ రుచి చూశారు. తరువాతి రోజులలో రష్యాలో షాంపేన్‌కు గిరాకీ పెరగడానికి ఇది కూడా ఒక కారణమని చెబుతారు.

1814 ఏప్రిల్‌లో నెపోలియన్ సింహాసనాన్ని వదలుకొన్నాడు. వర్తకమార్గాలు ఇంకా పూర్తిగా చక్కబడకముందే క్లికో, లూయీ బోన్ కలిసి రహస్యంగా ఒక పథకం వేసుకొన్నారు. పోటీ సంస్థలకు తెలియకుండా ఒక డచ్చి నౌకను కుదుర్చుకొని, 10,550 సీసాల వైన్‌ను అందులో ఎక్కించారు. బోన్ సరుకుతో పాటు ప్రయాణించాడు. ఆ సీసాలు దారిలో పగిలినా, పట్టుబడినా, రేవులో ఆగిపోయినా అప్పటికే అప్పుల భారంలో ఉన్న సంస్థ కోలుకొనే అవకాశం లేదు. నౌక బాల్టిక్ తీరంలోని కోనిగ్స్‌బర్గ్ (నేటి కాలినిన్‌గ్రాద్) రేవు చేరింది. పోటీదారులెవరూ ఇంకా రాకపోవడంతో సరుకు మంచి ధరకు అమ్ముడుపోయింది. వెనువెంటనే 12,000కు పైగా సీసాలతో రెండవ నౌక సెయింట్ పీటర్స్‌బర్గ్‌కు బయలుదేరింది. ఆ ఏటి నుండి రష్యాలో క్లికో పేరు ఇంటింటి మాట అయింది. పుష్కిన్ రచించిన యెవ్‌గెనీ అనేగిన్ కావ్యంలో కూడా ఈ వైన్ ప్రస్తావన ఉంది.

మడ్డి సమస్య, రంధ్రాల బల్ల

గిరాకీ పెరిగినకొద్దీ పాత ఇబ్బంది ఒకటి ముందుకు వచ్చింది. సీసాలో రెండవసారి పులిసిన తరువాత చనిపోయిన ఈస్ట్ కణాలు మడ్డిగా అడుగున పేరుకొంటాయి. సీసాను కదిలిస్తే వైన్ మసకబారుతుంది. ఆ రోజులలో మడ్డిని వేరు చేయడానికి వైన్‌ను ఒక సీసాలో నుండి మరొక సీసాలోకి వంచేవారు. అలా చేస్తే బుడగలు చాలావరకు పోతాయి, కొంత వైన్ ఒలికి వృథా అవుతుంది, పని కూడా నెమ్మదిగా సాగుతుంది.

సీసాను తలక్రిందులుగా నిలబెడితే మడ్డి మెడలోకి దిగి బిరడాపై చేరుతుందని, బిరడా తీయగానే వాయువు ఒత్తిడికి అదే ముందుగా బయటికి పోతుందని క్లికో ఆలోచించింది. తన వంటింటి బల్లకే రంధ్రాలు వేయించి, నేలమాళిగకు తరలించి ప్రయోగాలు చేసిందని ప్రసిద్ధి. ఆమె నేలమాళిగల పర్యవేక్షకుడు ఆంత్వాన్ ముల్లర్ ఈ పనిలో ఆమెకు కుడిభుజంగా నిలిచాడు. రంధ్రాలను ఏటవాలుగా తొలిస్తే సీసాను కొద్దికొద్దిగా నిటారు చేస్తూ పోవచ్చునని గుర్తించినది ముల్లరేనని చెబుతారు. 1816లో ఈ పద్ధతి ఒక రూపానికి వచ్చింది.

ఈ పనిలోని క్రమం ఇది. సీసాలను మెడ క్రిందికి ఉండేటట్లు రంధ్రాలలో దూర్చి ఉంచుతారు. పనివాడు రోజూ ప్రతి సీసాను చేతితో పట్టుకొని చిన్నగా కుదిపి, కొద్దిపాటి మలుపు తిప్పి, కొంచెం నిటారుగా చేసి వదులుతాడు. ఇలా కొన్ని వారాలు గడిచేసరికి సీసా గోడలకు అంటుకొన్న మడ్డి అంతా జారి బిరడా మీదికి చేరుతుంది. అప్పుడు నేర్పుగల పనివాడు బిరడా తీసి, మడ్డి చిమ్మిపోగానే సీసాను పైకి లేపుతాడు. ఖాళీ అయిన కొద్ది భాగాన్ని వైన్, చక్కెర కలిపిన పాకంతో నింపి కొత్త బిరడా బిగిస్తారు. మొదటి పనికి రెమ్యువాజ్ అని, రెండవ పనికి దెగోర్జ్‌మాన్ అని ఫ్రెంచి పేర్లు.

మొదట్లో ఈ ప్రయోగాన్ని చూసి ఆమె పనివారే నవ్వారని చెబుతారు. ఫలితం కనబడిన తరువాత పద్ధతిని కొన్నేళ్ళపాటు రహస్యంగా ఉంచారు. చివరకు అది ఇతర సంస్థలకు పాకి, షాంపేన్ ప్రాంతమంతటా సాధారణమైంది. బల్ల స్థానంలో తరువాత రెండు పలకలను గుడారం ఆకారంలో ఆనించిన చట్రం వాడుకలోకి వచ్చింది. 1970ల నుండి పెద్ద సంస్థలు ఈ పనిని యంత్రాలతో చేయిస్తున్నాయి. యంత్రం చేసేది కూడా ఆనాటి పనివాని చేయి చేసిన పనినే.

తోటలు, ద్రాక్ష రకాలు

క్లికో కుటుంబానికి బూజీ, వెర్జెనే గ్రామాలలో ద్రాక్షతోటలు ఉండేవి. ఈ రెండు గ్రామాలు రీమ్స్‌కు దక్షిణాన ఉన్న కొండ వాలులలో ఉన్నాయి. బూజీ తోటలు దక్షిణాభిముఖంగా ఉండి ఎండ బాగా అందుకొంటాయి. వెర్జెనే తోటలు ఉత్తరపు వాలున ఉండి చల్లగా ఉంటాయి. ఒకే రకం ద్రాక్ష ఈ రెండు చోట్ల రెండు విధాలుగా పండుతుంది. వీటి వైన్‌లను తగు పాళ్ళలో కలపడమే షాంపేన్ తయారీలోని కీలకమైన విద్య. ఒక తోట లోటును మరొక తోట, ఒక ఏటి లోటును మరొక ఏటి నిలువ పూరిస్తాయి.

షాంపేన్‌లో నేడు అత్యధికంగా పండించే రకాలు మూడు.

పినో నువార్ నల్లద్రాక్ష. వైన్‌కు నిండుదనాన్ని, బలాన్ని ఇస్తుంది. రీమ్స్ కొండ దీనికి ప్రసిద్ధి. క్లికో సంస్థ వైన్‌లలో మొదటి నుండి ప్రధానమైనది ఈ రకమే. తొందరగా చిగురించడం వలన దీనికి వసంతపు మంచు భయం ఎక్కువ.

మ్యునియే కూడా నల్లద్రాక్షయే. ఆకు అడుగుభాగం పిండి చల్లినట్లు తెల్లగా ఉంటుంది. అందువలన పిండిమర యజమాని అనే అర్థమిచ్చే ఈ పేరు వచ్చింది. ఆలస్యంగా చిగురిస్తుంది గనుక మంచును తట్టుకొంటుంది. మార్న్ నదీలోయలో దీని సాగు ఎక్కువ. ఇది వైన్‌కు పండ్ల పరిమళాన్ని, మృదుత్వాన్ని ఇస్తుంది.

షార్డొనే తెల్లద్రాక్ష. ఎపర్నేకు దక్షిణాన ఉన్న సుద్దకొండల వాలులలో ఎక్కువగా పండుతుంది. వైన్‌కు తేలికదనాన్ని, చురుకైన పులుపును, దీర్ఘకాలం నిలువ ఉండే గుణాన్ని ఇస్తుంది.

నల్లద్రాక్ష నుండి తెల్లని వైన్ రావడం కొత్తవారికి వింతగా తోచవచ్చు. ఈ రకాలలో రంగు తోలులోనే ఉంటుంది, రసానికి రంగు ఉండదు. పండ్లను నలగకుండా చేతితో కోసి, మెల్లగా పిండితే తెల్లని రసం వస్తుంది. నేటి నియమాల ప్రకారం 4,000 కిలోల పండ్ల నుండి 2,550 లీటర్లకు మించి రసం తీయరాదు.

వైన్ రీతులు

క్లికో కాలపు షాంపేన్ నేటి షాంపేన్ వంటిది కాదు. అది ఎంతో తియ్యగా ఉండేది. ముఖ్యంగా రష్యావారు అతి తీపిని కోరేవారు. చలి ప్రాంతపు పులుపును చక్కెర పాకంతో సరిచేసి, ఏ దేశపు రుచికి తగిన తీపిని ఆ దేశానికి పంపేవారు. బ్రిటన్‌లో తక్కువ తీపికి ఆదరణ ఉండేది. నేడు ఎక్కువగా అమ్ముడయ్యే బ్రూట్ రీతిలో లీటరుకు 12 గ్రాములకంటె తక్కువ చక్కెర ఉంటుంది. తీపిలేని షాంపేన్‌కు 1874లో పేరు తెచ్చినది రీమ్స్ నగరానికే చెందిన మరొక వితంతువు లూయీజ్ పొమ్మెరీ కావడం విశేషం.

గులాబీరంగు షాంపేన్ విషయంలో కూడా క్లికో పేరు చెప్పుకొంటారు. అంతకు ముందు ఎల్డర్ చెట్టు పండ్లతో చేసిన రంగును తెల్లని వైన్‌లో కలిపేవారు. 1818లో ఆమె బూజీ గ్రామపు ఎర్ర వైన్‌ను తెల్లని వైన్‌లో కలిపి గులాబీరంగును సాధించింది. రంగుతో పాటు ద్రాక్ష రుచి కూడా అందులో చేరింది. తెలిసినంతలో ఈ విధంగా తయారైన మొదటి గులాబీరంగు షాంపేన్ ఇదే. ఫ్రాన్సులోని ఇతర ప్రాంతాల నాణ్యమైన గులాబీరంగు వైన్‌లకు ఎర్ర, తెల్ల వైన్‌లను కలపడం సాధారణంగా నిషిద్ధం. షాంపేన్‌కు మాత్రం ఆ అనుమతి నేటికీ ఉంది.

భాగస్వాములు, 1828 సంక్షోభం

జర్మనీ ప్రాంతానికి చెందిన ఉద్యోగులను చేరదీసి, సమర్థులను పైస్థానాలకు తేవడం క్లికో పద్ధతి. వారిలో గెయోర్గ్ కెస్లర్ ఒకడు. ఆయన 1826లో సంస్థను విడిచి స్వదేశానికి వెళ్ళి ఎస్లింగెన్ పట్టణంలో బుడగల వైన్ సంస్థను స్థాపించాడు. జర్మనీలో అది ఈ రంగంలోని అతి పాత సంస్థగా పేరుపొందింది. ఆ విధంగా క్లికో నేలమాళిగలలో నేర్చిన విద్య జర్మనీకి చేరింది.

1821లో చేరిన ఎదువార్ వెర్లే సంస్థకు చివరివరకు అండగా నిలిచాడు. 1820లలో క్లికో వైన్‌తో పాటు బ్యాంకు వ్యాపారంలో కూడా ప్రవేశించింది. 1828లో పారిస్‌లోని ఒక బ్యాంకు దివాలా తీయడంతో క్లికో సంస్థ చెల్లింపులు చేయలేని స్థితిలో పడింది. వెర్లే తన సొంత నిధులను అడ్డం వేసి సంస్థ పరువు కాపాడాడు. ఆ తరువాత క్లికో ఇతర వ్యాపారాలను వదలుకొని వైన్‌పైనే దృష్టి నిలిపింది. 1831లో వెర్లే భాగస్వామి అయ్యాడు. 1841లో ఆమె పని నుండి తప్పుకొన్నపుడు నిర్వహణ ఆయన చేతికి వచ్చింది. వెర్లే తరువాత రీమ్స్ నగర మేయరుగా కూడా పనిచేశాడు.

చివరి దశ

కుమార్తె క్లెమెంతీన్ 1817లో కౌంట్ లూయీ ద షెవిన్యే అనే ఉన్నతవంశీయుని పెళ్ళాడింది. ఆయన కవి, ఖర్చుదారి. అల్లునికి ధనం అందించడానికి క్లికో వెనుకాడలేదు గాని, సంస్థ పగ్గాలను మాత్రం ఆయనకు అప్పగించలేదు. కూతురిని, మనుమరాలిని కూడా వ్యాపారంలోకి తీసుకొనలేదు. తాను వితంతువుగా పొందిన స్వేచ్ఛ వారికి చట్టరీత్యా లేదన్న సంగతి ఇక్కడ గుర్తుంచుకొనదగినది.

మనుమరాలి వివాహం తరువాత మార్న్ లోయలోని బూర్సో గ్రామంలో ఆమె ఒక గొప్ప భవనాన్ని కట్టించింది. విశ్రాంత జీవితమంతా ఎక్కువగా అక్కడే గడిపింది. చిత్రకారుడు లెయోన్ కోన్యే వృద్ధాప్యంలోని ఆమెను మునిమనుమరాలు ఆన్‌తో కలిపి చిత్రించాడు. ఆ బాలికయే తరువాతి కాలంలో ఉజెస్ డచెస్‌గా ప్రసిద్ధురాలై, 1898లో కారు నడిపే అర్హత పత్రం పొందిన మొదటి ఫ్రెంచి మహిళగా పేరు తెచ్చుకొంది.

బార్బ్-నికోల్ క్లికో 1866 జూలై 29న బూర్సోలో 88 ఏళ్ళ వయసులో మరణించింది. ఆమె సమాధి రీమ్స్‌లో ఉంది. సంస్థ వెర్లే కుటుంబపరమైంది. నేడు అందరూ గుర్తుపట్టే పసుపురంగు చీటీ ఆమె మరణానంతరం 1877లో వ్యాపార చిహ్నంగా నమోదైంది.

సముద్రగర్భంలో దొరికిన సీసాలు

2010 జూలైలో ఫిన్లాండుకు చెందిన ఓలాండ్ దీవుల సమీపాన, బాల్టిక్ సముద్రంలో సుమారు 50 మీటర్ల లోతున మునిగిపోయి ఉన్న ఒక పాత ఓడలో 168 షాంపేన్ సీసాలు దొరికాయి. చీటీలు లేకపోయినా బిరడాల అడుగున ఉన్న ముద్రలను బట్టి వాటిలో కొన్ని క్లికో సంస్థవని గుర్తించారు. అవి సుమారు 170 ఏళ్ళ నాటివి, అనగా క్లికో జీవించి ఉన్న కాలానివి. చీకటి, తక్కువ ఉష్ణోగ్రత కారణంగా వైన్ చాలావరకు చెడకుండా ఉంది.

2015లో ప్రచురితమైన రసాయనిక పరిశోధనలో ఆ వైన్‌లో లీటరుకు 140 గ్రాములకు పైగా చక్కెర ఉన్నట్లు తేలింది. రష్యావారు కోరిన తీపి ఇంతకు రెట్టింపు ఉండేదని సంస్థ పాత ఉత్తరాల వలన తెలుస్తున్నందున, ఈ సరుకు జర్మనీ ప్రాంతాలకు ఉద్దేశించినదై ఉండవచ్చునని పరిశోధకులు ఊహించారు.

గుర్తింపు

- సంస్థ స్థాపించి 200 ఏళ్ళు నిండిన సందర్భంగా 1972లో వ్యాపార రంగంలోని మహిళలకు ఈమె పేరిట బహుమానాన్ని నెలకొల్పారు.
- సంస్థ 1987 నుండి ఎల్‌వీఎంహెచ్ వ్యాపార సముదాయంలో భాగం.
- 2015లో షాంపేన్ ప్రాంతపు కొండ వాలులు, వైన్ భవనాలు, నేలమాళిగలు యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి.
- ఈమె జీవితం ఆధారంగా 2023లో విడో క్లికో అనే ఆంగ్ల చలనచిత్రం వచ్చింది.

క్లికో కొత్త ద్రాక్ష రకాన్ని కనిపెట్టలేదు, షాంపేన్‌కు బుడగలు తెచ్చినదీ ఆమె కాదు. వైన్‌ను తేటపరచడం, సరుకును సమయానికి చేరవేయడం, మంచి పనివారిని గుర్తించడం ఆమె చేసిన పనులు. 1816 నాటి పద్ధతిలో ముల్లర్‌కు, పేర్లు నమోదు కాని నేలమాళిగల పనివారికి కూడా భాగముంది. అయినా, మూతపడవలసిన సంస్థను తన ఆస్తి ఒడ్డి నిలబెట్టినది, 1814లో నౌకను పంపే సాహసానికి పూనుకొన్నది ఆమెయే. వంచి వడకట్టే నెమ్మది పద్ధతితో కొద్దిమంది ప్రభువులకు మాత్రమే అందిన వైన్, ఆమె జీవితకాలంలోనే వేల మైళ్ళ దూరంలోని సామాన్య వర్తకుని అంగడికి చేరింది.